పిల్లలతో తిరిగే కొర్రమీను

పోయిన నెలలో మా వియ్యంకుడుగారు, అంటే మా రెండో అమ్మాయి మామగారు, నన్ను కారులో ఎక్కించుకుని రాజాం వెళ్ళే దారిలో కొత్తగా తెరిచిన ఒక చెరువు దగ్గరికి తీసుకువెళ్ళారు. అది చేపలు అమ్మే చెరువు కాదు, సరదాకి గేలం వేసుకునే చెరువు. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న అమ్మాయి మా పేర్లూ ఫోను నెంబర్లూ రాసుకుని, నియమాలు అచ్చువేసిన కాగితం చెరొకటి ఇచ్చి, ఇంతకుముందు ఎప్పుడైనా చేపలు పట్టారా సార్ అని మర్యాదగానే అడిగింది. పట్టానమ్మా అన్నాను గానీ, ఆ మాటతో నా మనసు అక్కడ నిలవలేదు. వియ్యంకుడుగారు గొడుగు కింద కూర్చుని గేలం విసురుతూ ఉంటే, నేను ఆ కాగితం రెండుసార్లు చదివాను. గట్టిగా మాట్లాడకూడదు, చెత్త వెయ్యకూడదు, పట్టిన చేపని ఫోటో తీసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి అని అన్నీ సబబుగానే ఉన్నాయి. ఇలా కాగితం మీద ఒక్క అక్షరం లేకుండా ఊరంతా నియమాలు పాటించిన చెరువొకటి నాకు తెలుసు. ఆ నియమాలని నేనే మీరాను కాబట్టి మరీ బాగా తెలుసు.

నాకు మేష్టరు ఉద్యోగం వచ్చిన కొత్తలో రాజాంకి దిగువన ఒక పల్లెలో వేశారు. విజయనగరంలో పుట్టి పెరిగిన వాడిని. బస్సు దిగి రెండు మైళ్ళు గట్ల మీద నడిస్తే గానీ రాని ఆ ఊళ్ళో, సాయంత్రం బడి వదిలాక ఏం చెయ్యాలో తోచేది కాదు. నా ఈడు వాళ్ళకి చెప్పనక్కరలేదు, రేడియో ఉన్న ఇల్లు కూడా ఊరికి ఒకటో రెండో ఉన్న రోజులవి. అటువంటప్పుడు నన్ను ఆదుకున్నది పెదమావ బంద. మా వైపు చిన్న చెరువుని బంద అంటారు. అది సర్కారు చెరువు కాదు, ఊరుమ్మడిదీ కాదు. పెదమావ తండ్రి తన సొంత భూమిలో వరిమళ్ళకి నీళ్ళ కోసం తవ్వించినది. పెదమావ అంటే నాకు చుట్టం ఏమీ కాదు. ఊరంతా ఆయన్ని ఆ వరసనే పిలిచేవారు, నేనూ పిలిచాను. పొడుగాటి మనిషి, మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. భార్య ఎప్పుడో పోయింది. కొడుకు, కోడలుతో ఉండేవారు.

ఆ బందలో గేలం వెయ్యాలంటే ముందు ఆయన ఇంటికి వెళ్ళాలి. గట్టు మీంచి కేకేసి అడగడం కుదరదు, ఎవరిచేతో కబురు పెట్టడమూ కుదరదు. అరుగు దగ్గర నిలబడితే కోడలు మంచినీళ్ళు ఇచ్చేది. ఆ నీళ్ళు తాగుతూ వానల సంగతో, ఆవు ఈనిన సంగతో రెండు మాటలు విన్నాక, ఎల్లండి అని ఆయన అనాలి. నిన్న వెళ్ళమన్నారు కదా అని ఈవేళ అడగకుండా వెళ్ళడానికి లేదు. మనిషికి ఒకటే గేలం, వల మాటే ఎత్తకూడదు. ఆడవాళ్ళు బట్టలు ఉతికే రేవుకి ఎదురుగా కూర్చోకూడదు. పశువులు నీళ్ళకి దిగే వేళకి కర్ర ఎత్తేసి పక్కకి జరగాలి. నీకంటే ముందొచ్చి కూర్చున్నవాడి గేలపు దారానికి తేలే బెండు మీద నీ నీడ పడకూడదు, వాడి కర్ర దాటి వెళ్ళకూడదు. పడ్డ చేప పెద్దదైనా చిన్నదైనా వెళ్ళేటప్పుడు పెదమావ అరుగు మీదుగానే వెళ్ళి చూపించాలి. ఆయన ఎప్పుడూ తీసుకునేవారు కాదు. ఒక్కసారి తలెత్తి చూసి మంచిదే అనేవారు, అంతే. ఇవన్నీ నాకు ఎవరూ పాఠంలా చెప్పలేదు. ఒక్కొక్క తప్పు చేసినప్పుడల్లా పక్కవాళ్ళు గొంతు సవరించుకునేవారు, నేను నేర్చుకునేవాడిని.

అన్నిటికంటే గట్టిది కొర్రమీను సంగతి. తొలకరి వానలు పడగానే కొర్రమీను గట్టువార గడ్డిలో గుడ్లు పెడుతుంది. వాటినుంచి వచ్చిన పిల్లలు ఎర్రగా, నీళ్ళ మీద కుంకం చల్లినట్టు, జల్లెడంత మేర గుంపుగా తేలుతూ ఉంటాయి. వాటి కిందనే తల్లీ తండ్రీ రెండూ కాపలా తిరుగుతాయి. అప్పుడు ఆ చేపని పట్టడం కంటే తేలికైన పని లేదు. కప్పపిల్లని గేలానికి గుచ్చి ఆ ఎర్రటి గుంపు మధ్యలో వేస్తే చాలు, కింద నుంచి వచ్చి ఠక్కున అందుకుంటుంది. ఆకలై కాదు. పిల్లల మీదికి ఏదో వచ్చి పడిందని. అందుకని ఎర్రగుంపు ఎక్కడ కనిపిస్తే అక్కడ గట్టు మీద పెదమావ ఒక వేపకొమ్మ గుచ్చేవారు. కొమ్మ ఉన్న వైపు ఎవరూ గేలం వెయ్యరు. పిల్లలు నల్లబడి లోతుకి చెదిరిపోయాక ఆయనే కొమ్మ పీకేసేవారు.

ఆ బందకి రోజూ వచ్చే మరొక మనిషి అల్లుడు. అతని అసలు పేరు బడిలో అతని కూతురి పేరు రాసినప్పుడు గానీ నాకు తెలియలేదు. సముద్రపు ఒడ్డు ఊళ్ళో పుట్టి, మా పల్లెలోనే ఉంటూ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకునే ఒకావిడ కూతుర్ని చేసుకుని, ఇల్లరికం వచ్చాడు. ఆవిడ ఒక్కతికే అతను అల్లుడైనా, ఊరంతా అల్లుడనే పిలిచేవారు. అందులో ప్రేమ ఎంతో, బయటివాడు సుమా అన్న గుర్తు ఎంతో నేను చెప్పలేను. అయితే ఏటా మాఘమాసంలో నీళ్ళు తగ్గాక పెదమావ బంద పట్టించేటప్పుడు, అంటే అందులో చేపలన్నీ పట్టించేటప్పుడు, వల దించే పని మాత్రం అతనికే ఇచ్చేవారు. ఆ ఒక్కరోజు ఒడ్డు ఊరు నుంచి అతని అన్నదమ్ములు వల మోసుకుని వచ్చేవారు, ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి అతను చెప్పినట్టు తాడు లాగేది. ఆ రోజు కోసం అతను ఏడాదంతా ఎదురుచూసేవాడని అతని భార్య మా ఆవిడతో తరవాత ఎప్పుడో అన్నది.

నేను అక్కడ చేరిన రెండో ఏడు మా ఆవిడ తొలి పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. మూడో నెల వస్తోంది, తీసుకువస్తానని ఉత్తరం రాస్తే, మా ఆవిడ అన్నగారు ముందు తాను వచ్చి ఊరు చూస్తానని జవాబు రాశారు. డాక్టరు లేడు, వర్షం వస్తే దారి లేదు, అటువంటి చోటికి చంటిపిల్లతో చెల్లెల్ని పంపడమా, బదిలీ అయ్యేదాకా ఇక్కడే ఉంచుకుంటాం అని ఆయన ఇంట్లో అంటున్నారని మా ఆవిడ వేరే కాగితం మీద రహస్యంగా రాసింది. అందుచేత ఆ ఆదివారం బావగారు వచ్చేసరికి నాకు పరీక్షకి కూర్చున్నట్టే ఉంది. ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ దాకా బురద చేసుకుని వచ్చారు. ఇల్లు చూసి మాట్లాడలేదు. నుయ్యి చూసి మాట్లాడలేదు. చివరికి మూలనున్న గేలపు కర్ర చూసి మొహం విప్పారు. ఆయనకి చేపల పిచ్చి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

పెదమావ ఆ రోజు ఊళ్ళో లేరు. శ్రీముఖలింగంలో చెల్లెలి ఇంట్లో ఏదో శుభకార్యానికి వెళ్ళారు. ఇంటి దగ్గర కోడలు ఉంది, వెళ్ళి అడగవచ్చు. వెంట వచ్చిన చుట్టానికి వేరేగా అడగాలన్న సంగతీ నాకు తెలుసు. కానీ బావగారి ముందు ఒక అరుగు దగ్గర నిలబడి చేతులు కట్టుకుని సెలవు అడగడం నాకు చిన్నతనం అనిపించింది. మేష్టరన్నాక ఊళ్ళో ఆ మాత్రం చెల్లుబాటు లేదా అని ఆయన అనుకుంటారేమోనని, తిన్నగా బంద దగ్గరికే తీసుకుపోయాను.

గట్టు ఎక్కగానే ఆయన కంట పడింది ఎర్రగుంపే. బావా, అటు చూడు, అన్నారు. పక్కనే వేపకొమ్మ పచ్చగా నిలబడి ఉంది. ఆ కొమ్మ ఏమిటని అడిగారు. ఎవరో పిల్లలు గుచ్చి ఉంటారన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆయన చొక్కా విప్పి ఆ కొమ్మకే తగిలించి, గడ్డిలో కప్పపిల్లని పట్టుకుని, నా గేలం తీసుకుని నీళ్ళలోకి రెండడుగులు దిగారు. ఒక్క విసురుకే పడింది. మోచెయ్యంత కొర్రమీను, నల్లటి వీపు, కొట్టుకుంటూ గడ్డిలోకి వచ్చి పడింది. ఎర్రగుంపు ఒక్కసారిగా విచ్చిపోయింది. అవతలి గట్టున అల్లుడు ఉన్నాడు. మా వైపు చూశాడు. కర్ర ఎత్తి, దారం చుట్టుకుని, రోజూలా పలకరించకుండానే వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం బావగారే చింతపండు పులుసు పెట్టారు. ఇంత రుచి ఎన్నడూ ఎరగనన్నారు. నాకు రుచి తెలియలేదు గానీ తిన్నాను. వెళ్ళేటప్పుడు భుజం మీద చెయ్యి వేసి, "ఊరు బాగానే ఉంది బావా, నెల తిరక్కుండా నేనే తీసుకొచ్చి దింపుతాను" అన్నారు. బస్సు కదిలేదాకా చెయ్యి ఊపాను.

మంగళవారం పెదమావ వచ్చారు. బుధవారం బడి వసారాలోకి ఆయన నడిచి వచ్చినప్పుడు నేను ఎక్కాలు చెప్పిస్తున్నాను. పిల్లలు లేచి నిలబడ్డారు. ఆయన కూర్చోలేదు.

"మేష్టరూ, కొమ్మకాడ తల్లిసేపని ఎవులో పట్టీసినారు. గుంటలన్నీ సెల్లాసెదురైపోనాయి, నీటికాకులు తినేస్తన్నాయి. ఆదివారం మీరు బందకాడికి ఎల్లినారంట. ఎవులైనా కనబడినారేటి?"

ఆయన చేపపిల్లల్ని గుంటలు అన్నారు. మా వైపు మనుషుల పిల్లల్ని కూడా ఆ మాటతోనే అంటారు.

"లేదు పెదమావా, నేను ఎవరినీ చూడలేదు" అన్నాను.

నలభై మంది పిల్లల ఎదట అన్నాను. ఆ నలభైలో అల్లుడి కూతురు కూడా ఉంది.

ఆ తరవాత జరిగింది నేను ఊహించి ఉండవలసినదే. అల్లుడి అత్తగారి బుట్టలో సోమవారం నాడు కొర్రమీను చూశామని ఎవరో అన్నారు. ఆవిడ రాజాంలో కొనితెచ్చిన సరుకది. అయినా ఒడ్డు మనిషికి చేప కనిపిస్తే చెయ్యి ఊరుకుంటుందా అని ఇంకెవరో అన్నారు. పెదమావ అరిచే మనిషి కాదు. అల్లుడు మామూలుగా అరుగు దగ్గరికి వచ్చి నిలబడితే, ఇకమీదట బందకాడికి రావద్దు, మాఘంలో వల కూడా వేరే ఊరివాళ్ళకి చెబుతానని ఒక్క ముక్కలో చెప్పి లోపలికి వెళ్ళిపోయారట. కోడలు మంచినీళ్ళు కూడా తేలేదట. ఆ రోజుల్లో అంతకంటే పెద్ద మాట ఇంకేమీ లేదు.

మూడు రోజులు నేను బంద వైపు వెళ్ళలేదు. అల్లుడు ఏ క్షణాన్నైనా నా పేరు చెప్పేస్తాడని భయం. అతను చెప్పడం లేదన్నది అంతకంటే పెద్ద భయం. నాలుగో రోజు ఉండబట్టలేక అతని ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. నన్ను చూసి పీట వెయ్యమని భార్యకి చెప్పాడు.

"నువ్వు ఆ రోజు చూశావు కదా?" అన్నాను.

"సూసినాను."

"మరి పెదమావతో ఎందుకు చెప్పలేదు?"

అతను దారం పంటితో తెంపి, ముడి వేసి, అప్పుడు నా మొహం కేసి చూశాడు.

"మీరు సెప్తారని."

భార్య పీట తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు. అతను మళ్ళీ అల్లుకుంటూ మెల్లిగా అన్నాడు. "మా ఒడ్డున కూడా అంతే బాబూ. ఒకడి వలలో ఏటి పడినాదో పక్కవాడు సెప్పడు. ఆడే సెప్పుకోవాల. అయినా నాను సెప్తే ఏటౌతాది? మేష్టరు మాట నమ్ముతారు గానీ నా మాట నమ్ముతారేటి?"

అక్కణ్ణించి తిన్నగా పెదమావ పొలానికి నడిచాను. ఆకుమడిలో వంగి నారు తీస్తున్నారు. గట్టు మీద నిలబడి, ఇంక నసగకుండా, ఆ చేపని పట్టింది మా బావగారు, తీసుకువెళ్ళింది నేను, కొమ్మ సంగతి తెలిసీ చెప్పలేదు, మీరు అడిగినప్పుడు అబద్ధం ఆడాను అని వరసగా చెప్పేశాను. చెబుతున్నంతసేపూ ఆయన నారు తీయడం ఆపలేదు. కట్ట కట్టి, వేళ్ళ బురద నీళ్ళలో జాడించి, పక్కన పెట్టి, నడుం నిలబెట్టారు.

"సేప పోతే పోనాది. ఇంకోటి పుడతాది. అల్లుణ్ణి నాను గుమ్మంలోంచి పంపీసినాను, మేష్టరూ. నాలుగు రోజులై నాను ఆడి మొగం సూడనేదు. మీరు మాటాడకుండా ఊరుకున్నారు."

ఊరు విడిచి వెళ్ళిపొమ్మన్నా వెళ్ళేటట్టున్నాను. ఆయన బంద వైపు చూసి ఈ మాట అన్నారు. "ఒకటి పోనాది గానీ రెండోది ఇంకా తిరగతన్నాది. ఒక్కదాని వల్ల అవ్వదు. ఆ గుంటలు నల్లబడేదాక రోజూ పొద్దుటా సాయంత్రం మీరు గట్టుమీద నిలబడి పిట్టల్ని తోలండి. గేలం మాత్రం ముట్టకండి."

ఆ సాయంత్రమే ఆయన అల్లుడి ఇంటికి వెళ్ళారు. నేను వెంట వెళ్ళలేదు, కానీ వీధి మలుపులో ఉన్నాను, అంతా విన్నాను. ఆయన లోపలికి వెళ్ళలేదు, వీధిలోనే నిలబడి, అటూ ఇటూ ఇళ్ళవాళ్ళందరికీ వినబడేటట్టు చెప్పారు. "అల్లుడూ, సేప నువ్వు పట్టనేదు. తప్పు నాది. నిన్ను అడగాల, అడగకుండానే అనీసినాను. మాఘంలో వల నువ్వే దించాల." అల్లుడు వల వదిలేసి లేచాడు. "ఎందుకు పెదమావా, ఈదిలో నిలబడతారేటి? రండి, కూకోండి" అన్నాడు. పెదమావ ఆ గుమ్మంలోకి వెళ్ళడం ఊరు చూడడం అదే మొదటిసారని తరవాత అందరూ అన్నారు. లోపల కూర్చుని మంచినీళ్ళు తాగే వచ్చారు. నా పేరు ఆయన వీధిలో ఎత్తలేదు. ఎత్తనక్కరలేకపోయింది, మర్నాడు పొద్దున్నే నేను ఖాళీ డబ్బా ఒకటి, కర్ర ఒకటి పట్టుకుని గట్టు మీద నిలబడేసరికి అందరికీ అర్థమైపోయింది.

నీటికాకులని తోలడం చూసినంత తేలిక కాదు. ఒకటి ఎగిరిపోయిందని అటు చూస్తే ఇటు రెండు వాలేవి. కొంగ డబ్బా చప్పుడుకి రెండు రోజులే భయపడింది, మూడోరోజు నుంచి చప్పట్లు కొడుతూ దాని మీదికి పరిగెత్తవలసి వచ్చేది. లకుముకి పిట్టని ఏమీ చెయ్యలేకపోయాను. బడిపిల్లలు గట్టు కింద చేరి మా మేష్టరు గెంతుతున్నారని నవ్వుకునేవారు, మొదట్లో నేను వాళ్ళని కసిరాను, తరవాత నేనూ నవ్వాను. చెదిరిన పిల్లల్లో మిగిలినవి మళ్ళీ ఒక్కచోట చేరాయి. జల్లెడంత గుంపు కాస్తా చిన్న పళ్ళెమంత అయింది. వాటి కింద ఆ రెండో చేప తిరుగుతూ ఉండేది. అది తల్లో తండ్రో నాకు తెలియదు. ఒకరోజు నేను మడమల్లోతు నీళ్ళలో నిలబడి ఉంటే నా కాళ్ళ దగ్గరకొచ్చి ఆగింది. నీడ చూసి పిల్లల మీదికి ఎవరొచ్చారా అనుకుని ఉంటుంది. నేను కదలలేదు. కాసేపటికి అదే వెళ్ళిపోయింది.

ఇరవై రోజులు గడిచాయో లేదో, ఒక సాయంత్రం డబ్బా వాయిస్తూ వెనక్కి తిరిగేసరికి గట్టు మీద మా ఆవిడ, చంకలో చంటిపిల్ల, పక్కన పెట్టె పట్టుకుని బావగారు. ఇంటికి తాళం ఉంటే ఎవరో ఇటు చూపించారట. మా ఆవిడ నన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

"ఏమిటీ వేషం?"

చెప్పాను. మొత్తం చెప్పాను. బావగారు విని పెద్దగా నవ్వారు. "ఒక చేపకి ఇంత తతంగమా బావా? ఆ కొమ్మ సంగతి అప్పుడే చెబితే నేను వేసేవాణ్ణే కాదు కదా!"

అదీ నిజమే. ఆయనకి తెలియదు, తెలిసింది నాకే. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. చంటిపిల్లని ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంటూ నీళ్ళ మీది గుంపుని చూసింది. అప్పటికి అవి ఎరుపు తగ్గి మట్టిరంగు తిరుగుతున్నాయి.

"అన్నయ్యా, తిన్నది నువ్వూ ఆయనా ఇద్దరూను. ఆయన ఇరవై రోజుల నుంచి తోలుతున్నారు. ఆ పెట్టె ఇలా పెట్టి, ఈ సాయంత్రానికి నువ్వు తోలు" అంది.

ఆయన చెల్లెలి మొహం చూసి, వేళాకోళం కాదని గ్రహించి, ప్యాంటు మడిచి డబ్బా అందుకున్నారు. పొద్దు వాలేదాకా వాయించారు. తరవాత తనంతట తానే పెదమావ ఇల్లు ఎక్కడ అని అడిగి, అరుగు దగ్గరికి వెళ్ళి, తెలియక చేశానని చెప్పుకున్నారు. పెదమావ ఆయన్ని కూర్చోబెట్టి, కోడలి చేత మంచినీళ్ళు ఇప్పించి, "పులుసు బాగున్నాదా?" అని అడిగారు. అది వేళాకోళమో, నిజంగా అడిగారో బావగారికి చివరిదాకా తేలలేదు.

మాఘంలో బంద పట్టారు. ఒడ్డు ఊరు నుంచి అల్లుడి అన్నదమ్ములు వచ్చారు. మెడలోతు నీళ్ళలో నిలబడి అతను ఎడమ పక్క లాగండి, కుడి పక్క ఒగ్గండి అని కేకలేస్తూ ఉంటే, నేనూ పదిమందితో పాటు తాడు పట్టుకున్నాను. వల ఒడ్డుకి చేరాక బొచ్చెలు, రాగండ్లు తెల్లగా ఎగురుతున్న మధ్యలో జానెడేసి కొర్రమీను పిల్లలు కొన్ని కనిపించాయి. ఎవరూ చెప్పకుండానే అల్లుడు వాటిని ఏరి, దోసిట్లో పట్టి, వెనక్కి నీళ్ళలో వదిలాడు. నా వైపు చూడలేదు. ఆ తరవాత మేమిద్దరం ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చుని గేలాలు వేశాం. ఆ సంగతి ఒక్కనాడూ మా మధ్య రాలేదు.

గేలం ముట్టవద్దన్న మాట పెదమావ ఎప్పుడు వెనక్కి తీసుకుంటారో నాకు తెలియలేదు, అడగడానికి నోరు రాలేదు. ఏడాది తిరిగింది. ఒక సాయంత్రం బడి గుమ్మం దగ్గర ఆయన కోడలు కొబ్బరిచిప్ప ఒకటి చేతికిచ్చింది. అందులో తడిమట్టి, మట్టిలో గేలానికి గుచ్చే ఎర్రలు. మావయ్య తవ్వించినారు, బందకాడికి ఎల్లరేటి అని అడుగుతన్నారు అంది. నేను చొక్కా అయినా మార్చుకోకుండా పరిగెత్తాను. బందకి కాదు, ముందు అరుగు దగ్గరికి.

తరవాత బదిలీలు, ఊళ్ళు, పిల్లల చదువులు. ఇప్పుడు అరసవల్లిలో ఉంటున్నాం. ఆరోజు ఆ కాగితం చదివిన దగ్గర నుంచి మనసు ఊరుకోక, కిందటి వారం మా ఆవిడా నేనూ ఆటో కట్టించుకుని ఆ ఊరు వెళ్ళాం. ఇప్పుడు తిన్నగా రోడ్డే ఉంది. పెదమావ పోయి చాలా కాలమైంది. అల్లుడు కూడా పోయాడు, అతని కూతురు ఒడ్డు ఊళ్ళోనే టీచరుగా ఉందట, ఆ మాట విని సంతోషించాను. బంద ఉంది, నిజానికి మునుపటికంటే పెద్దది చేశారు. చుట్టూ ఇనుప వల కట్టి, గట్టు మీద మేత బస్తాలు పేర్చి ఉన్నాయి. పెదమావ మనవలు వాటాలు పంచుకుని లీజుకిచ్చారు, తీసుకున్నవారు ఇంకొకరికి ఇచ్చారు. పనివాడు ఒకతను మంచిగానే మాట్లాడాడు. కొర్రమీను ఉందా అని అడిగితే, అది ఉంటే తక్కిన పిల్లల్ని తినేస్తాదండి, ముందే మందు పెట్టి తీసేస్తాం అన్నాడు. అతన్ని తప్పు పట్టడానికి లేదు, అది వాళ్ళ బతుకుతెరువు, ఆ చేపలే మనం బజార్లో కొనుక్కుని తింటున్నాం.

పెదమావ కోడలు ఉంది. ముసలిదైపోయింది, నన్ను గొంతుని బట్టి గుర్తుపట్టింది. అరుగు తీసేసి అక్కడ మోటారు సైకిళ్ళు పెట్టుకునే షెడ్డు వేశారు, దాని నీడలో కుర్చీలు వేయించింది. మంచినీళ్ళు తానే తెస్తానని లేవబోతే మా ఆవిడ ఆపింది.

"గేలం తేనేదేటి మేష్టరూ?" అని నవ్వుతూ అడిగింది.

"తేవచ్చు గానీ ఎవరిని అడగాలమ్మా?" అన్నాను.

ఆవిడ నవ్వు ఆపి ఆలోచించింది. కొడుకుల పేర్లు ఒకటి రెండు అనుకుంది, లీజువాళ్ళది ఏ ఊరో గుర్తు తెచ్చుకోబోయింది, చివరికి తల అడ్డంగా ఊపింది.

"నాకూ తెల్దు బాబూ" అంది.

ఆ రోజుల్లో ఒక చేప కోసం ఎన్నిసార్లు ఆ ఇంటి ముందు నిలబడ్డానో లెక్కలేదు. నిలబడ్డ ప్రతిసారీ విసుక్కునేవాడిని, వీళ్ళ బందలో ఏం ఉందని ఈ అడుక్కోవడం అనుకునేవాడిని. ఇప్పుడు నా జేబులో డబ్బుంది, చేతినిండా తీరిక ఉంది, గేటు దగ్గర పేరు రాయించుకుంటే ఎక్కడైనా గేలం వెయ్యనిస్తారు. వద్దు అనగలిగే మనిషి ఒకడుండి, ఆ మనిషి ఎల్లండి అని పంపిస్తే గట్టు ఎక్కడంలో ఒక నెమ్మది ఉండేది. అది మాత్రం మళ్ళీ దొరకలేదు.